కబురందని కాళ్లు

మా అక్క ఫోన్‌లో ఏడాదిన్నర పాటు రాత్రి పదికొకటి, పన్నెండుకొకటి, రెండుకొకటి, నాలుగుకొకటి అలారాలు మోగేవి. మోగగానే లేచేది. బావ భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి పక్కకు ఒత్తిగిలించేది. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మడతపెట్టిన దుప్పటి. ఆఖరున ఫోన్ లైటు వేసి నడుము కింద చర్మం ఎర్రబడిందేమో చూసుకుని మళ్లీ నడుం వాల్చేది.

బావ గీత పని చేసేవాడు. ఒక పొద్దున మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. వీపు భాగంలో పదో పూస దగ్గర వెన్నుపాము నలిగిపోయింది. బొడ్డు నుంచి కిందికి కదలిక లేదు, తాకితే తెలియదు. ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. పద్దెనిమిదో రోజున డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి, "ఫిజియో చేయించండి, పుండ్లు పడకుండా చూసుకోండి" అన్నారు. పుండ్లు ఎందుకు పడతాయో, ఎక్కడ పడతాయో, మూత్రం పైపు ఎన్నాళ్లుంచాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ రోజే తెలిసుంటే బాగుండేది అని తరవాత అనుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏం అడగాలో తెలియడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

ఆపరేషన్ సక్సెస్ అన్నారు కదా!

ప్రతి ఇంట్లోనూ మొదట వచ్చే ప్రశ్న ఇదే. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, మరి కాళ్లెందుకు కదలవు? వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వెన్నెముక అంటే ఎముకల దొంతర. దాని మధ్య గొట్టంలో, మెదడు కింది నుంచి నడుము మొదటి, రెండో పూసల దాకా, పెద్దవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవున దిగే మెత్తటి నరాల తాడు వెన్నుపాము. చిటికెన వేలంత మందం. మెదడు నుంచి కాలికి 'కదులు' అన్న కబురు దానిలోంచే వెళ్లాలి, కాలి నుంచి 'ముల్లు గుచ్చుకుంది' అన్న కబురు దానిలోంచే రావాలి. రాడ్లూ స్క్రూలూ వేసి డాక్టర్లు నిలబెట్టింది ఎముకల్ని. తాడు మీద పడ్డ ఒత్తిడి తీసేశారు. నలిగిన తాడును మళ్లీ అతికే వైద్యం ఇంతవరకూ ప్రపంచంలో ఎక్కడా లేదు. అంచేత ఆపరేషన్ సక్సెస్ అన్నదీ నిజమే, కాళ్లు రాకపోవడమూ నిజమే.

దెబ్బ ఎంత పైన తగిలితే అంత ఎక్కువ పోతుంది. మెడలో తగిలితే చేతులు కూడా పోతాయి. ఎండాకాలం నీళ్లు తక్కువున్న బావిలోకి తల కిందికి పెట్టి దూకే కుర్రాళ్లకూ, బండి మీంచి ఎగిరి పడ్డవాళ్లకూ తరచుగా అయ్యేది ఇది. వీపులో తగిలితే చేతులు బాగుంటాయి, కాళ్లు పోతాయి. చూసేవాళ్లకు కాళ్లే కనిపిస్తాయి గానీ పోయేది కాళ్లొక్కటే కాదు. మూత్రం వచ్చిందన్న తెలివిడి, విరేచనం ఆపుకునే పట్టు, దెబ్బ పైన తగిలితే చెమట పట్టడం, బీపీని సర్దుకోవడం కూడా పోతాయి. మంచం మీది మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చేవి కదలని కాళ్లు కావు, ఈ కనిపించని పనులే.

డాక్టరు మలద్వారం దగ్గర వేలు పెట్టి స్పర్శ తెలుస్తోందా, బిగించగలవా అని అడిగితే మా వాళ్లు మొహం తిప్పుకున్నారు. ఆ పరీక్షకు పెద్ద అర్థం ఉంది. వెన్నుపాములో అన్నిటికంటే కింది నరాలు అక్కడికే వెళ్తాయి. అక్కడ ఏ కొంచెం తెలిసినా తాడులో కొన్ని పోగులు మిగిలాయన్నమాట. దాన్ని అసంపూర్ణ గాయం అంటారు, కోలుకునే అవకాశం ఎక్కువ. ఏమీ తెలియకపోతే సంపూర్ణ గాయం. రిపోర్టులో ఎ నుంచి ఇ దాకా ఒక అక్షరం రాస్తారు. ఎ అంటే సంపూర్ణం, ఇ అంటే మామూలు మనిషి. ఆ అక్షరం ఏమిటో అడిగి తెలుసుకోండి. వచ్చే కదలికలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లో వస్తుంది, ఆ తరవాత ఏడాది, రెండేళ్ల దాకా కొద్దికొద్దిగా.

ఇక్కడ మేం పడ్డ పొరపాటొకటి చెప్పాలి. ప్రమాదం జరిగిన కొన్ని వారాల దాకా కాళ్లు గుడ్డపీలికల్లా వేలాడాయి. రెండో నెలలో ఒక సాయంత్రం అక్క దుప్పటి లాగుతుంటే బావ కుడికాలు ఒక్కసారిగా ముడుచుకుంది. ఇంట్లో పండగ. మా పిన్ని యాదగిరిగుట్టకు మొక్కుకుంది. తరవాత ఫిజియో వచ్చి చూసి చెప్పింది: అది కాలికి మెదడు ఇచ్చిన ఆజ్ఞ కాదు, మెదడు పట్టు తప్పిన వెన్నుపాము తనంతట తను లాగుతున్న లాగుడు. ఈడ్పు అంటారే, అదే. బావ "కదులు" అనుకున్నప్పుడు కదిలితేనే అది కదలిక. ఆ మాట ఆమె మెత్తగానే చెప్పింది గానీ ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

అయితే ఆ ఈడ్పులూ ఒక రకంగా పనికొస్తాయి. రోజూ ఉన్నదానికంటే అవి ఉన్నట్టుండి పెరిగితే, స్పర్శ లేని చోట ఏదో జరుగుతోందని అర్థం. మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, పుండో, మాంసంలోకి పెరిగిన గోరో ఉండొచ్చు. నోరు లేని కాళ్లు చెప్పుకునే తీరు అది.

రెండు గంటలు

కుర్చీలో అరగంట కూర్చుంటే మనం తెలియకుండానే పదిసార్లు కదులుతాం. నిద్రలోనూ పొర్లుతాం. ఒకేచోట ఒత్తుకుంటే అక్కడికి రక్తం అందదు, చర్మం మంటెత్తుతుంది, ఆ కబురు మెదడుకు చేరి మనం కదులుతాం. కబురే లేనివాడు కదలడు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన మాంసం లోపల్లోపలే కుళ్లుతుంది. పైకి రూపాయి బిళ్లంత మచ్చ కనిపించేసరికి లోపల పిడికిలి పట్టేంత గుంత ఉండొచ్చు. పడుకున్నవాళ్లకు నడుము చివర, తుంటి పక్కలు, మడమలు, కూర్చునేవాళ్లకు పిరుదుల కింది ఎముకలు ఆ ప్రమాదం ఉన్న చోట్లు.

రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలన్న పద్ధతి ఊరికే రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం దాకా నడుము విరిగిన సైనికులు చాలామంది పుండ్లతో, మూత్రపు ఇన్ఫెక్షన్లతో కొన్ని నెలల్లోనే చనిపోయేవారు. వాళ్లకు వైద్యం దండగ అనుకునేవారు. హిట్లర్ జర్మనీ నుంచి పారిపోయి ఇంగ్లండు చేరిన లుడ్విగ్ గుట్మన్ అనే యూదు డాక్టరు 1944లో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో వీళ్ల కోసం ఒక విభాగం మొదలుపెట్టాడు. ఆయన కొత్త మందేమీ కనిపెట్టలేదు. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి తిప్పించాడు, మూత్రాన్ని శుభ్రంగా తీయించాడు, బతికినవాళ్ల చేత పని చేయించాడు, ఆటలాడించాడు. 1948లో లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే తన ఆస్పత్రి పచ్చికలో పదహారు మందితో విలువిద్య పోటీ పెట్టాడు. ఇవాళ్టి పారాలింపిక్స్‌కు మొదలు అదే. 1965 యుద్ధంలో వెన్నులో తూటా దిగిన మన మురళీకాంత్ పేట్కర్ 1972 పారాలింపిక్స్‌లో ఈత కొట్టి భారతదేశానికి తొలి స్వర్ణం తెచ్చాడు. మా అక్క ఫోన్‌లోని అలారం వయసు ఎనభై ఏళ్లు అని నాకు ఈ సంగతులు తెలిశాకే అర్థమైంది.

రోజుకు రెండుసార్లు, స్నానమప్పుడూ రాత్రీ, ఒళ్లంతా చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా మించిపోలేదు. మన చామనచాయ ఒంట్లో ఎరుపు తేలిగ్గా తెలియదు కాబట్టి వెచ్చగా, గట్టిగా, నల్లగా మారిన చోట్లు చేత్తో తడిమి పట్టుకోవాలి. మచ్చ తగ్గేదాకా ఆ చోటు మీద బరువు పడకూడదు. నూనె రాసి మర్దన చేస్తే రక్తం ఆడుతుందనుకుంటాం. నలిగిన మాంసాన్ని ఇంకా నలపడమే అది. మధ్యలో కన్నం ఉన్న గాలి ట్యూబు కూడా వద్దు. చుట్టూ అంచు ఒత్తుకుని మధ్యలోకి రక్తం రాదు. నవారు మంచం గుంతపడుతుంది, అదీ పనికిరాదు. గట్టి మంచం, దాని మీద గాలి మారే ఎయిర్ బెడ్డు మంచివి. కానీ ఎయిర్ బెడ్డు ఉంది కదా అని తిప్పడం మానొద్దు. వీల్‌చెయిర్‌లో కూర్చున్నప్పుడు పావుగంటకో అరగంటకో ముందుకు వంగో, పక్కకు ఒరిగో, చేతులమీద లేచో ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీది భారం తీయాలి. కుర్చీ కొలత ప్రకారం ఉండాలి, దానికి తగ్గ కుషన్ ఉండాలి. దానంగా వచ్చిన కుర్చీ వెడల్పెక్కువైతే మనిషి ఒక పక్కకు ఒరిగి కూర్చుని వెన్ను వంకర తిరుగుతుంది. ఊరికే వచ్చిందని పుచ్చుకునే వస్తువు కాదు అది.

పైపు, బ్యాగు, మరుగుదొడ్డి

డిశ్చార్జి అయినప్పుడు బావకు మూత్రం పైపూ బ్యాగూ ఉన్నాయి. ఆస్పత్రి నుంచి ఆటోలో తెచ్చేటప్పుడు కింద తగులుతుందని బ్యాగును ఆయన పొట్ట మీద పెట్టాం. అంటే దారి పొడవునా బ్యాగులోని మూత్రం వెనక్కి మూత్రాశయంలోకి పోతూనే ఉంది. నాలుగో రోజు వణుకుతో జ్వరం. బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి. పైపు మెలిపడకూడదు.

పైపు కలకాలం ఉంచేయడం తేలికే గానీ ఇన్ఫెక్షన్లు, రాళ్లు ఎక్కువ. చేతులు పనిచేసేవాళ్లకు డాక్టర్లు ఎక్కువగా చెప్పే పద్ధతి వేరే ఉంది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నటి పైపు వేసుకుని మూత్రం తీసేసి, పైపు బయటికి లాగేయడం. చేతులు సబ్బుతో కడుక్కుని శుభ్రంగా చేస్తే చాలు, ఆపరేషన్ థియేటర్లో లాగా గ్లవుజులూ మందులూ అక్కర్లేదని అమెరికా డాక్టరు జాక్ లాపిడెస్ 1972లో చూపించాడు. అప్పటిదాకా ఆస్పత్రికే కట్టుబడ్డ పని దాంతో మనిషి చేతికొచ్చింది. ఒక్కోసారి 400, 500 మిల్లీలీటర్లకు మించి నిండకుండా గంటలు సర్దుకోవాలి. నిండి సాగితే ఒత్తిడి పైకి తన్ని కిడ్నీలు పాడవుతాయి. ఒకప్పుడు వీళ్లను ఎక్కువగా చంపింది కిడ్నీ జబ్బే. ఏడాదికోసారి కడుపు స్కానింగు తప్పనిసరిగా చేయించండి. మూత్రం కాస్త మబ్బుగా ఉందని ప్రతిసారీ యాంటీబయాటిక్ కొనుక్కొచ్చి వేయొద్దు. జ్వరం, చలి, ఈడ్పులు పెరగడం ఉంటే పరీక్ష చేయించి వాడండి.

మలవిసర్జన గురించి మాట్లాడ్డానికి అందరికీ సిగ్గు. ఆ సిగ్గు వల్ల మా ఇంట్లో ఏం జరిగిందంటే, బావ రాత్రి అన్నం మానేశాడు. ఆకలి లేదన్నాడు. నెల రోజులు నమ్మాం. అక్క చేత శుభ్రం చేయించుకోలేక తిండి తగ్గించుకున్నాడని ఆయన బరువు పడిపోయాక గానీ తెలియలేదు. దీనికో పద్ధతి ఉంది, దాన్ని ఫిజియోనో నర్సో నేర్పాలి. రోజూ లేదా రోజు విడిచి రోజు ఒకటే సమయం పెట్టుకోవాలి. తిన్న అరగంటకు పేగు తనంతట తను కదులుతుంది కాబట్టి టిఫిన్ అయ్యాక మంచిది. చక్రాలున్న కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టి, అవసరమైతే మందు బిళ్ల లోపల పెట్టి, జెల్లీ రాసిన గ్లవుజు వేలితో మెల్లగా తిప్పితే పేగు పని చేస్తుంది. వెన్నుపాము అట్టడుగున దెబ్బతిన్నవాళ్లకు పద్ధతి మారుతుంది, అడిగి తెలుసుకోవాలి. కొన్ని వారాలకు శరీరం ఆ గంటకు అలవాటు పడుతుంది. అప్పుడిక పెళ్లికి వెళ్లొచ్చు, బస్సెక్కొచ్చు.

చీటీ రాసి జేబులో పెట్టండి

ఇది వీపు ఆరో పూసా, ఆ పైన దెబ్బతిన్నవాళ్ల ఇళ్లకు. మిగతా వ్యాసం మరిచిపోయినా ఇది మరవొద్దు.

దెబ్బకు కింద ఏదైనా బాధ కలిగితే, అంటే మూత్రాశయం నిండిపోతేనో, పైపు మూసుకుపోతేనో, మలం గట్టిపడితేనో, కాలిగోరు నొక్కుకుంటేనో, శరీరం ఒక్కసారిగా బీపీని పైకి తోసేస్తుంది. తగ్గించమన్న మెదడు మాట కిందికి అందదు. తల పగిలిపోయేంత నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు కారడం, ముక్కు దిబ్బడ, ఒళ్లు గగుర్పొడవడం దీని లక్షణాలు. ఆలస్యమైతే మెదడులో రక్తస్రావం కావొచ్చు. వీళ్ల మామూలు బీపీ పైఅంకె 90, 100 దగ్గర ఉంటుంది. అందుకే 140 చూసి "బానే ఉంది" అని పంపేసే ప్రమాదం ఉంది. ఆ మనిషికి అది నలభై ఎక్కువ.

చేయాల్సింది ఇది. వెంటనే నిటారుగా కూర్చోబెట్టండి. పడుకోబెట్టకండి. కాళ్లు కిందికి వేలాడేయండి. బెల్టు, బిగుతు బట్టలు, మేజోళ్లు తీసేయండి. మూత్రం పైపు మెలిపడిందా చూడండి, పైపు లేకపోతే వేసి మూత్రం తీయండి. తరవాత మలం, చర్మం చూడండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఊరి డాక్టరుకో, రాత్రి డ్యూటీ డాక్టరుకో ఇది ఎదురుపడి ఉండకపోవచ్చు. కాబట్టి జబ్బు పేరు 'ఆటోనమిక్ డిస్‌రెఫ్లెక్సియా' అనీ, ఈ మనిషి మామూలు బీపీ ఇంత అనీ ఒక చీటీ మీద రాసి ఎప్పుడూ జేబులో ఉంచండి.

పైన దెబ్బ తగిలినవాళ్లకు ఇంకో చిక్కు మన ఎండలు. దెబ్బకు కింద చెమట పట్టదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. మే నెలలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం పూట ఇన్ఫెక్షనేదీ లేకుండానే జ్వరం వచ్చినట్టు కాలిపోతారు. తడిగుడ్డ, ఫ్యాను, నీడ, అంతే మందు. స్పర్శ లేని చోట కాలిన గాయాలు ఇంకా తేలిగ్గా అవుతాయి. వేడినీళ్ల సంచి, ఒళ్లో పెట్టుకున్న టీ గ్లాసు, బండి సైలెన్సరు, ఎండలో కాలిన అరుగు, వీటితో చర్మం ఊడొచ్చాక గానీ తెలియదు. ఇక మొదటి మూడు నెలల్లో ఒక కాలే వాచి వేడిగా ఉంటే పిక్క పిసకొద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోతుంది. ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చెట్టెక్కిన చేతులు

నాలుగో నెల. ఇంటికొచ్చే ఫిజియో అమ్మాయి ఒకరోజు పొద్దున తొందరగా వచ్చింది. అక్క బావకు గడ్డం గీస్తోంది. తరవాత అన్నం కలిపి ముద్దలు పెట్టబోయింది. ఆ అమ్మాయి కాసేపు చూసి, "చేతులకేమైందక్కా?" అంది.

"ఏం కాలే. పండుకొని ఉన్నడు కదా."

"రోజుకు ముప్పై తాళ్లు ఎక్కిన చేతులక్కా ఇవి. అన్నం కలుపుకోలేవా?"

అక్క కంచం ఆయన ముందు పెట్టింది. బావ ఏమీ అనలేదు. తిన్నాడు. మర్నాడు పొద్దున అద్దం అడిగాడు.

అప్పటిదాకా మా సేవంతా ఆయన్ని పసిపిల్లాణ్ని చేయడంగానే సాగిందని ఆ రోజు నాకు అర్థమైంది. పునరావాసం అంటే నడిపించడం అని మేమనుకున్నాం. అది ఆయన పనులు ఒక్కొక్కటీ ఆయనకు తిరిగి అప్పగించడం. ఒత్తిగిలడం, మంచం మీంచి కుర్చీలోకి జరగడం, పైపు వేసుకోవడం, అద్దం పట్టుకుని తన పిరుదులు తను చూసుకోవడం. చేతులు కూడా పోయినవాళ్లకైనా ఇది వర్తిస్తుంది. వాళ్లు చేయలేరు గానీ చేయించుకోగలరు. "ఇప్పుడు ఎడమ పక్కకు తిప్పు, దిండు ఇంకొంచెం కిందికి" అని చెప్పగలగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. అక్కకు జ్వరం వచ్చిన రోజున వచ్చిన కొత్త మనిషికి ఆ పని నేర్పేది ఆయనే కదా.

ఎక్కువ సాయం కీడు చేసే చోటు ఒకటుంది, మెడ దెబ్బ తగిలినవాళ్ల విషయంలో. కొందరికి వేళ్లు కదలవు గానీ మణికట్టు పైకి లేస్తుంది. మణికట్టు లేపినప్పుడు బిగుసుకున్న స్నాయువుల వల్ల వేళ్లు వాటంతట అవే ముడుచుకుని చిన్న పట్టు వస్తుంది. గ్లాసు, చెంచా, ఫోను పట్టుకోవడానికి ఆ పట్టే ఆధారం. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ రోజూ మణికట్టును వెనక్కి వంచి, అదే సమయంలో వేళ్లను కూడా చాపి సాగదీస్తారు. కొన్ని నెలలకు స్నాయువులు వదులైపోయి ఆ కాస్త పట్టూ పోతుంది. వేళ్లు చాపేటప్పుడు మణికట్టు కిందికి వంగి ఉండాలి. ఫిజియో ముందు ఒకసారి చేసి చూపించి, సరే అనిపించుకున్నాకే ఇంట్లో చేయండి.

పునరావాస వైద్యంలో మనకు దగ్గర్లోనే ఒక పెద్ద పేరుంది. చిత్తూరు జిల్లా వాళ్లు చీటికీమాటికీ వెళ్లే వెల్లూరు సీఎంసీలో మేరీ వర్గీస్ అనే యువ డాక్టరుకు 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. ఆవిడ వీల్‌చెయిర్‌లో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది, అమెరికా వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చింది. 1966లో అక్కడ మొదలైన పునరావాస కేంద్రం ఆవిడ శ్రమే. తెలుగువాళ్లు ఇవాళ్టికీ అక్కడికి వెళ్తున్నారు. కుదిరితే ఇలాంటి కేంద్రంలో కొన్ని వారాలు ఉండి నేర్చుకుని రావడం, ఇంట్లో ఏడాది తంటాలు పడడం కంటే మేలని నా అభిప్రాయం. ఢిల్లీలో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ ఉంది. దాన్ని స్థాపించిన మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లూవాలియా 1965లో ఎవరెస్టు ఎక్కి, అదే ఏడాది యుద్ధంలో తూటా తగిలి వీల్‌చెయిర్‌కు పరిమితమైన మనిషి.

ఇంటి సంగతి తొందరగా చెప్పేస్తాను. గడప అర అడుగు ఎత్తుంటే ర్యాంపు ఆరడుగుల పొడవుండాలి, అంతకంటే నిటారుగా ఉంటే కుర్చీ వెనక్కి తిరగబడొచ్చు. మంచం ఎత్తూ కుర్చీ ఎత్తూ ఒకటే ఉంటే మనిషి జరగొచ్చు, ఎవరూ ఎత్తక్కర్లేదు. కుర్చీ పట్టేంత వెడల్పు బాత్రూం తలుపుకు లేక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అన్నిటికంటే ముందు అది కొలవండి.

మేక కాళ్లూ, మూల కణాలూ

మొదటి మూడు నెలల్లో మా ఇంటికి వచ్చినన్ని మేక కాళ్లు కసాయి కొట్టుకు కూడా వచ్చి ఉండవు. సూపు తాగితే నరాలకు బలమట. తాగనివ్వండి, ప్రొటీనేగా. దాంతో నష్టం లేదు. కట్లు వేరే సంగతి. పుత్తూరు కట్టుకు పెద్ద పేరుంది గానీ కట్టు విరిగిన ఎముకకు, వెన్నుపాముకు కాదు. రాడ్లు వేసిన వెన్ను మీద మర్దనలూ కట్లూ పెట్టించొద్దు.

ఇంకా జాగ్రత్తపడాల్సింది స్టెమ్ సెల్, అంటే మూల కణాల ఇంజెక్షన్ల దగ్గర. లక్షలు తీసుకుని నడిపిస్తామనేవాళ్లు ఫోన్లు చేస్తారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి వంటివి మినహాయించి, మూల కణాలను అనుమతి పొందిన పరిశోధనలో తప్ప రోగులకు ఎక్కించకూడదు. పరిశోధనలో చేరినవాళ్ల దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోరు. డబ్బు అడిగారంటే అది పరిశోధన కాదు. పొలం అమ్మి ఇంజెక్షన్ చేయించేముందు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. ఆ పొలం ముందుముందు కావాలి.

కాగితాల పని పరిస్థితి కుదుటపడగానే మొదలుపెట్టాలి. ముందు వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపు, వికలాంగ ధ్రువపత్రం, యూడీఐడీ అనే గుర్తింపు కార్డు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రమాదం వల్ల గానీ పక్షవాతం వల్ల గానీ మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవాళ్లకు 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను నిర్ణయించారు. తెలంగాణలో దివ్యాంగుల ఆసరా పింఛను 2023లో 4,016కు పెరిగింది. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎందుకో మా బావ అప్పుడప్పుడూ అడుగుతుంటాడు, నా దగ్గర జవాబు లేదు. రోడ్డు ప్రమాదమైతే ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, ప్రతి బిల్లూ దాచి, ఆరు నెలల లోపే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయండి. చూసుకునే మనిషి ఖర్చు కూడా పరిహారంలో అడగొచ్చు. ప్రభుత్వ ఉద్యోగి అయితే, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని తీసేయడానికి గానీ హోదా తగ్గించడానికి గానీ వీల్లేదని 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. భయపడి రాజీనామా రాసివ్వొద్దు. ఇక గీత కార్మికులు చెట్టు మీంచి పడకుండా ఆపే కాటమయ్య రక్షణ కవచం కిట్లు తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇవ్వడం మొదలుపెట్టింది. బావకు అవి అందలేదు. ఇప్పుడు మా ఊళ్లో అందుకున్నవాళ్లెవరైనా బద్ధకించి ఇంట్లో పెట్టి చెట్టెక్కితే, కుర్చీలోంచి తిట్టేది బావే.

పరామర్శకు వచ్చేవాళ్లకు

మూడు నెలలు దాటాక మనసు సంగతి పైకొస్తుంది. వెన్నుపాము గాయమైనవాళ్లలో 20 నుంచి 30 శాతం మందిలో తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. నిద్ర పట్టకపోవడం, మందులు తోసేయడం, "నేనుండి ఏం లాభం" అనడం మొండితనం కాదు, జబ్బు. దానికి మందుంది, డాక్టరున్నాడు. కాళ్లలో స్పర్శ లేకపోయినా నిప్పులు పోసినట్టు మంట ఉంటుందంటే నమ్మండి, అది నటన కాదు, దెబ్బతిన్న నరాల నొప్పి. దానికి వేరే మందులున్నాయి, మామూలు నొప్పి బిళ్లలతో తగ్గదు. భార్యాభర్తల సంబంధం, పిల్లలు పుట్టడం కూడా ముగిసిపోయిన అధ్యాయాలు కావు. ఆడవాళ్లకు నెలసరి మళ్లీ మొదలయ్యాక గర్భం రావొచ్చు, మగవాళ్లకు వైద్య సహాయంతో పిల్లలు కలగొచ్చు. ఇద్దరూ కలిసి వెళ్లి డాక్టర్ను అడగాలి. పెద్దవాళ్లు మధ్యలో తీర్పులు చెప్పకపోతే మంచిది.

వచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలోనే "నడుస్తడంటనా?" అని అక్కను అడిగేవారు, బావ వింటుండగా, బావ లేనట్టుగా. అడగాలనుకుంటే ఆయన్నే అడగండి. మంచం పక్కన నిలబడి పైనుంచి మాట్లాడకుండా ఆయన కళ్లకు సమానంగా కూర్చోండి. ఎకరం ధర గురించి, నిన్నటి మ్యాచ్ గురించి మాట్లాడండి.

పద్దెనిమిదో నెలలో రాత్రి అలారాలు బావ ఫోన్‌లోకి మారాయి. మంచానికి కట్టిన తాడు పట్టుకుని తనే ఒత్తిగిలుతాడు, దిండు తనే లాక్కుంటాడు. అప్పటిదాకా ఆ ఏడాదిన్నరలో అక్క ఒక్క రాత్రి కూడా రెండు గంటలకు మించి వరసగా నిద్రపోలేదు. మీ బంధువుల్లో ఇలాంటి ఇల్లుంటే, ఈ ఆదివారం వెళ్లేటప్పుడు పళ్లూ హార్లిక్సూ తీసుకెళ్లకండి. ఎలా తిప్పాలో ఆ మనిషినే అడిగి నేర్చుకుని, ఒక పూట మీరు కూర్చోండి. ఆ ఇంటి ఆడమనిషిని పక్క గదిలో పడుకోమనండి.